ఇత్తిలా



చీమకుర్తి అనగానే అందరూ నల్లరాయి సంగతే అడుగుతారు. నల్లటి బండలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు, కంటైనర్లెక్కి చైనాకీ ఇటలీకీ పోయే పలకలు. పాలిష్ యూనిట్లో లెక్కలు రాసే గుమస్తాని కాబట్టి ఆ రాయితో నాకు రోజూ ఉండేదే. ఈసారి మట్టి గురించి రాస్తాను. పొట్ట మీద, కళ్ళ మీద తడిమట్టి పట్టీలు వేసుకుని ఆదివారం పూట పడుకునే ఒక చిన్న సంఘం గురించీ, దానికి సెక్రటరీగా నా నెత్తినున్న జిమ్మేదారీ గురించీ.

మాది ప్రకృతి వైద్య సంఘం. ఆశ్రమం, బిల్డింగు లాంటివేమీ లేవు. పొదిలి రోడ్డు వైపు ఒక మెంబరు తోటలో రేకుల షెడ్డు, నాలుగు కటి స్నానం తొట్లు, ఒక జల్లెడ, ఒక పెద్ద గంగాళం. ఏడాదికి వంద రూపాయలు చందా. దీన్ని మొదలుపెట్టింది మా మొహల్లా హకీం సాబ్, ఇంకొక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. ఇద్దరూ ఇప్పుడు లేరు, అల్లా వాళ్ళిద్దరి మీదా రహమ్ చేయుగాక. లైప్జిగ్‌లో లూయీ కూనే అనే జర్మన్ ఆయన నీళ్ళతో, ఆవిరితో, పర్హేజ్‌తో ఇలాజ్ చేసేవాడు. ఆయన కితాబు మన దేశంలో మొదట తర్జుమా అయిన భాషల్లో తెలుగు ఒకటి. 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ గారు తెచ్చారు. ఉర్దూలోకి 1904లో బిజ్నోర్ శ్రోత్రి కిషన్ స్వరూప్ తెచ్చారు. "మీకన్నా పదేళ్ళు ముందే చదివాం హకీం గారూ" అని మాస్టారు దెప్పేవారు. "ముందు చదివారు, మేం చదివి అమల్లో పెట్టాం" అనేవారు హకీం సాబ్. ఈ వాదన ఎన్ని ఆదివారాలు విన్నానో నాకే లెక్కలేదు.

ప్రకృతి వైద్యం మన జిల్లాలకి కొత్తేం కాదు. భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారి పేరు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో చెప్పింది విని మా ఇళ్ళల్లో కూడా కొన్నాళ్ళు కూరల్లో ఉప్పు మాయమైంది. ఖుర్మాలో ఉప్పు లేకపోతే ఎట్లా ఉంటుందో రాయక్కర్లేదు, మీ నోటికి తెలుసు.

మట్టి వ్యవహారం మాత్రం మనవాళ్ళకి తేలిగ్గానే ఎక్కింది. నీళ్ళు దొరకని చోట పాక్ మట్టితో తయమ్ముమ్ చేసుకునే కౌమ్ మనది, మట్టిని చూసి ముఖం తిప్పుకోం. అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. పై పొర తీసేసి మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తవ్వాలి. ఎండబెట్టి, జల్లించి, రాత్రంతా నానబెట్టాలి. మా దగ్గర ఒకవైపు మిర్చి చేలు, ఇంకొకవైపు క్వారీలు. చేలల్లో మందు కొట్టని ఏడాది లేదు, రాళ్ళు కోసిన బురద ఎక్కడ పారబోశారో అడిగితే చెప్పేవాడు ఉండడు. అందుకే నేను సెక్రటరీ అయ్యాక మొదట రాసిన ఇత్తిలా మట్టి గురించే: ఎక్కడ తవ్వచ్చు, ఎక్కడ తవ్వకూడదు.

తర్వాతది హయా సంగతి. సూర్యస్నానం అంటే ఒంటికి ఎండ తగలాలి. మగవాళ్ళ సతర్ నాభి నుంచి మోకాలి దాకా కాబట్టి లుంగీ కట్టుకుని పడుకుంటే సరిపోయింది. ఆడవాళ్ళ సంగతే కష్టమైంది. మా ఆపా వాళ్ళు అడిగిన సవాలు న్యాయమైనదే: "కీళ్ళ నొప్పులు మీకన్నా మాకే ఎక్కువ, ఎండ మాత్రం మీకేనా?" చివరికి చుట్టూ ఎత్తుగా తడికలు, పైన ఆకాశం, తలుపు దగ్గర కాపలాకి వాళ్ళలోనే ఒకరు. మంగళవారం పొద్దున ఆ తోట వైపు మగపురుగు పోకూడదు. ఈ ఒక్క నిబంధన గురించి నేను రాసినన్ని ఇత్తిలాలు ఇంక దేని గురించీ రాయలేదు. ఒకే ఒక్క మగాడు ఒకే ఒక్క మంగళవారం మోటారు వేయడానికి అటు వెళ్ళినా ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు రావడం మానేస్తారు. మళ్ళీ రారు.

ఇంత జాగ్రత్తగా ఉంటే, ఒక నవంబరులో మా పరువు బస్టాండు సెంటర్లో వేలాడింది. 1945 నవంబరు 18న గాంధీజీ ప్రకృతి వైద్యం కోసం ఒక ట్రస్టు దస్తావేజు మీద దస్తఖత్ చేశారు. అందుకని 2018 నుంచి ఆ తేదీని జాతీయ ప్రకృతి వైద్య దినంగా జరుపుతున్నారు. మేమూ బ్యానరు కట్టిద్దామనుకున్నాం. ఇంగ్లీషులో కూడా ఉంటే బాగుంటుందని డీటీపీ కుర్రాడు ఫోన్లో ఏదో వెతికి, నేచర్ క్యూర్ అని ఉండాల్సిన చోట నేచరిస్ట్ అసోసియేషన్ అని వేశాడు. ఎవరో ఫోటో తీసి పెట్టారు. మగ్రిబ్ అయ్యీ కాకముందే కువైట్ నుంచి మా మేనల్లుడి ఫోను.

"మామూ, చీమకుర్తిలో ఏం పెట్టారు మీరు?"

"ఏం రా, మట్టి పట్టీలు."

"అది కాదు మామూ. నేచరిస్టులంటే ఇంగ్లీషోళ్ళలో బట్టల్లేకుండా తిరిగేవాళ్ళు. ఇక్కడ మా రూమోళ్ళు అందరూ చూశారు."

తౌబా తౌబా అనుకుంటూ రాత్రికి రాత్రే నిచ్చెన తెప్పించి బ్యానరు దింపించాం. మరుసటి రోజు కార్డు రాయడం నా బతుకులో కష్టమైన పని. తప్పు ఏమిటో చెప్పాలి, చెప్తూ ఆ మాట రాయకూడదు, రాయకపోతే ఏం జరిగిందో అర్థం కాదు.

ఆ గొడవ చల్లారాక ఆ మాట సంగతేమిటో చదివాను. చదివితే నవ్వూ వచ్చింది, ఆశ్చర్యమూ వేసింది. బట్టల్లేని వాళ్ళ సంఘాల్లో మొట్టమొదటిదిగా చెప్పేది మన దేశంలోనే పుట్టిందట, 1891లో, బొంబాయి దగ్గర ఠాణాలో. పెట్టింది ఎవరో ఫకీరు కాదు, చార్లెస్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫర్డ్ అనే తెల్ల జిల్లా జడ్జీ. మెంబర్లు మొత్తం ముగ్గురు. మిగతా ఇద్దరూ ఒక పాద్రీ గారి కొడుకులు. మాథేరాన్ కొండ మీదా, తులసీ చెరువు దగ్గరా కలిసేవాళ్ళు. కళ్ళజోడు, ఉంగరం, కట్టుడు పళ్ళు మాత్రం ఉంచుకోవచ్చని కాయిదా. జడ్జీ గారు ఇంగ్లండులో ఉన్న ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితకి ఉత్తరాలు రాసేవాడు కాబట్టే మనకి ఇదంతా తెలిసింది. తర్వాత ఆయన్ని రత్నగిరికి బదిలీ చేశారు, సంఘం అంతటితో సరి. సెక్రటరీగా నాకు ఇందులో తోచింది ఏమిటంటే, ముగ్గురు మెంబర్లకి నోటీసు పంపడం ఎంత హాయి!

ఇంకో సంగతి. మా మట్టి పట్టీలకీ, ఆ తెల్లవాళ్ళ వేషాలకీ దూరపు చుట్టరికం ఉంది. గాంధీజీకి మట్టి చికిత్స నేర్పిన కితాబు అడాల్ఫ్ జస్ట్ అనే జర్మన్ ఆయనది. ఆయన 1896లో హార్జ్ కొండల్లో యుంగ్‌బోర్న్ అనే చికిత్సా తోట పెట్టాడు. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి వేరువేరుగా కంచె వేసిన తోటలు, లోపల ఒంటికి గాలీ ఎండా తగిలేలా బట్టలు లేకుండా తిరగడం. కాఫ్కా అని పెద్ద రచయిత 1912లో అక్కడికి వెళ్ళి చడ్డీ మాత్రం విప్పలేదు. అక్కడివాళ్ళు ఆయన్ని చడ్డీ మనిషి అనేవాళ్ళట. ఇది చెప్పినప్పుడు మా ఆపాలు అన్నమాట: "పాపం, హయా ఉన్న మనిషి."

నవ్వుల సంగతి అయింది. అసలు రాయాలనుకున్నది వేరే.

సంఘాన్ని నడపడమంటే షెడ్డుకి రేకులు వేయించడం కాదు, మెంబర్లకి సరైన ఖబరు సరైన టైముకి చేర్చడం. మాస్టారు ఉన్న రోజుల్లో యాభై పైసల కార్డులు. మీటింగు నోటీసు అయితే పోస్టాఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ ముద్ర వేయించి ఫైల్లో పెట్టేవారు, "నాకు అందలేదు" అనే నోళ్ళు మూయించడానికి. 2011లో ఆ పద్ధతే ఎత్తేశారు. కార్డు రాసేటప్పుడు నాలుగు వాక్యాలే పడతాయి, చేత్తో అరవై సార్లు రాయాలి, కాబట్టి అబద్ధం రాయబుద్ధి కాదు. ఇప్పుడు వాట్సాప్. వేలు పెడితే అరవై ఇళ్ళకి పోతుంది. రాసినవాడెవరో తెలియదు, పంపినవాడికి పట్టదు.

రెండేళ్ళ కిందట రంజాన్‌కి ముందు షాబాన్ నెలలో మా సదర్ సాబ్ గ్రూపులో ఒక ఫార్వర్డు పెట్టమని నాకు పంపారు. ముప్పై రోజాలు ఉండి, సహరీకి మెంతినీళ్ళు, ఇఫ్తార్‌కి పచ్చికూరలు తీసుకుంటే షుగరు జడ నుంచి పోతుంది, గోళీలూ ఇన్సులినూ మానేయొచ్చు అని దాని సారాంశం. కింద ఏదో డాక్టరు పేరు. నేను పెట్టనన్నాను. ఆయన నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, సంఘానికి తొట్లు కొనిచ్చిన మనిషి. "ప్రకృతి వైద్య సంఘంలో ఉండి ప్రకృతి మీద యకీన్ లేకపోతే ఎట్లా?" అన్నారు. ఆయనే స్వయంగా పెట్టేశారు.

ఐదో రోజాకి మా ఫుప్పూ గోళీలు ఆపేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో రోజున తరావీకి వెళ్ళబోతూ చూస్తే ఆవిడ నాలుక తడారిపోయి, మాట ముద్దగా వస్తోంది. ఒంగోలు తీసుకెళ్ళేసరికి మిషన్లో నాలుగు వందలు దాటింది. రెండు రోజులు సెలైన్లు. అల్హందులిల్లా, కోలుకుంది. అడిగితే చెప్పిన జవాబు: "నీ సంఘంలో వచ్చింది కదా బేటా, నువ్వే పెట్టావనుకున్నా."

ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. గ్రూపులో ఏది వచ్చినా అది సెక్రటరీ మాట అనే వాళ్ళ భరోసా. సంఘం పేరు మీద పోయే ప్రతి మాటా అమానత్.

మరుసటి రోజే నేను ఇత్తిలా రాశాను. గ్రూపులో పెట్టడమే కాకుండా కార్డులు కూడా కొని చేత్తో రాశాను, ఫోను చూడని ముసలివాళ్ళే ఎక్కువ కాబట్టి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య వాళ్ళు రంజాన్ గురించే 2016లో, మళ్ళీ 2021లో సూచనలు ఇచ్చారు. వాటిలో మనవాళ్ళకి కావలసినవి ఇవి. రంజాన్‌కి ఆరు, ఎనిమిది వారాల ముందే డాక్టరుకి చూపించుకుని మందుల వేళలు మార్పించుకోవాలి. వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా విరగదు. షుగరు 70 కన్నా దిగినా, 300 దాటినా వెంటనే రోజా విప్పేయాలి. మరీజుకి అల్లా ఇచ్చిన రుఖ్సత్ ఉంది. తర్వాత ఖజా చేసుకోవచ్చు, బాగయ్యే మర్జ్ కాకపోతే ఫిదియా ఉంది. చివర ఇంకొక వాక్యం కూడా రాశాను: షుగరు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, మన సంఘం అలాంటి దావా చేయదు.

సదర్ సాబ్‌కి ఆ చివరి వాక్యం తగిలింది. నలుగురు చందా కట్టడం మానేశారు. ఒకాయన మొహం మీదే అన్నాడు, "నువ్వు ఇంగ్లీషు మందులోళ్ళ మనిషివి" అని. కాదు. మట్టి పట్టీ వేసుకుంటే నా తలనొప్పి తగ్గుతుంది, అది నాకు తెలుసు. నడక, పర్హేజ్, పచ్చికూరలు ఒంటికి మంచివని డాక్టర్లే చెప్తారు. హకీం సాబ్ కూడా నాడి చూసి, ఇది నా చేతిలో లేదు బేటా అని ఎంతమందిని ఒంగోలుకి పంపలేదు! ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న మాట మన పిల్లలకి కూడా తెలుసు. గోళీ ఆ తాడు లాంటిదని నాకనిపిస్తుంది, కొందరికి అనిపించదు.

ఫుప్పూ ఇప్పుడు మంగళవారం మంగళవారం తడికల వెనక ఎండలో కూర్చుని, సంచిలో గోళీల డబ్బా పెట్టుకుని వస్తోంది. తలుపు దగ్గర కాపలా ఆవిడదే.

వచ్చే నెల జనరల్ బాడీ. మా బైలాస్ ప్రకారం పద్నాలుగు రోజుల ముందు నోటీసు పోవాలి. రాసేశాను. మొదటి అంశం లెక్కలు, రెండోది రేకుల రిపేరు, మూడోది మట్టి తవ్వే కొత్త చోటు. నాలుగో అంశం: ఆరోగ్యం గురించి సంఘం పేరుతో పోయే ప్రతి కబురూ మెంబర్లలో ఉన్న డాక్టరు గారు చూశాకే పంపాలి. సదర్ సాబ్ నోటీసు మీద ఇంకా దస్తఖత్ చేయలేదు. రేపు జుమా తర్వాత మళ్ళీ వెళ్ళి అడుగుతాను. కార్డులు మాత్రం కొనిపెట్టాను, అరవై.