పాపికొండల నడుమ ఒక రాత్రి

మా అత్తగారు డెబ్బదియేండ్ల వయస్సు వచ్చువరకు, పురిటికో పెండ్లికో తప్ప, ఇల్లు విడిచి ఒక్క రాత్రియైనను గడిపి యెరుగరు. కోనసీమలో పుట్టి, కోనసీమలోనే మెట్టి, గోదావరి కాలువనీటితో పండిన యన్నమునే తినుచు వచ్చిరి. కాని ఆ గోదావరి యే కొండలను దాటి తమ కాలువలోనికి వచ్చుచున్నదో వారు చూచి యుండలేదు. “కన్ను మూయకముందు ఒక్కసారి పాపికొండలు చూపింపుడు” అని వారు కోరగా, 2012 డిసెంబరు సెలవులలో పిల్లలతో కూడ ఆరుగురము బయలుదేరితిమి.

రాజమహేంద్రవరము నుండి పురుషోత్తమపట్నము రేవునకు పోయి ఉదయముననే లాంచీ యెక్కితిమి. లాంచీలో నొకమూల లైఫ్ జాకెట్లు కుప్పగా పడియుండెను. ఎవరును వానిని తాకలేదు. అత్తగారు ఒక్కొక్కటి దులిపి పిల్లలకు తొడిగి, తామును చీరమీద తొడిగికొని ముళ్లు బిగించుకొనిరి. ప్రక్కనున్నవారు నవ్విరి. “నవ్వుకొననిండు. గోదావరి తల్లియే, కాని తల్లికి మాత్రము కోపము రాదా?” అనిరి అత్తగారు.

ఎదుట నడియేటి కొండమీద పట్టిసీమ వీరభద్రస్వామి యాలయము కనబడగా అందరును చేతులు జోడించిరి. పోలవరము దాటి, గండిపోచమ్మ గుడివద్ద దిగి, తల్లికి పసుపు కుంకుమ లర్పించితిమి. దేవీపట్నము దాటిన పిమ్మట కొండలు రెండువైపులనుండి మెల్లగా దగ్గరకు వచ్చెను. రాజమహేంద్రవరమువద్ద ఆవలియొడ్డు మసకగా తోచు గోదావరి యిచ్చట సన్నని దారివలె నైనది. “ఇది మన గోదావరియేనా, మామ్మా?” అని మనుమరాలు అడిగెను. నల్లని కురులను దువ్వి నడుమ పాపిట తీసినట్లు, దట్టమైన యడవికొండల నడుమ నీరు మెరయుచుండును. ఆ పాపిడిని బట్టియే వీనికి పాపికొండలని పేరు వచ్చినదందురు. ఈ యడవిని 2008లో జాతీయోద్యానముగా ప్రకటించిరి.

పేరంటాలపల్లిలో రామకృష్ణ మునివాటమును, శివాలయమును దర్శించితిమి. కొండపైనుండి జారివచ్చు సెలయేటి నీరు చల్లగా నుండెను. దారికిరువైపుల కొండరెడ్ల స్త్రీలు వెదురుతో చేసిన బుట్టలు, పూలగుత్తులు పెట్టుకొని కూర్చుండిరి. సాయంకాలము కొల్లూరు ఇసుకతిన్నెవద్ద మమ్ము దింపి లాంచీ వెడలిపోయెను. రాత్రి బసకు వెదురు కుటీరములు. తలుపునకు గడియ సరిగా లేదు. స్నానమునకు చాటు చాలదు. కోడండ్రము మేము సణుగుకొనుచుండగా, అత్తగారు పట్టించుకొనక ఇసుకలో చాప పరపించుకొని కూర్చుండిరి.

వంటకు సాయముగా వచ్చిన కొండరెడ్డి స్త్రీ యొకతె పని ముగించుకొని మాయొద్దకు వచ్చెను. ఆమె చేతిలో తాను అల్లిన వెదురుచేట కలదు. అత్తగారు బేరమాడక దానిని కొని, “ఇంత చక్కనిచోట నీ యిల్లు. అదృష్టవంతురాలివమ్మా!” అనిరి.

ఆమె చిన్నగా నవ్వెను. “పోలవరంకాడ ఆనకట్ట లేస్తే ఇదంతా నీళ్లేనంట, అమ్మగారూ. మీరు తెల్లారితే ఇంటికి పోతారు. మేం ఏ ఇంటికి పోవాలో మాకింకా తెలియదు.”

అత్తగారు బదులు పలుకలేదు. పున్నమి దగ్గరపడినను కొండ లడ్డముగా నుండుటచే చంద్రుడు చాల ఆలస్యముగా కనబడెను. వెన్నెల మొదట ఆవలికొండ శిఖరముమీద పడి, మెల్లగా దిగి నీటిని చేరెను. పిల్లలు నిద్రించిరి. చాలసేపటికి అత్తగారు, “అమ్మాయీ, కాటనుదొర ధవళేశ్వరము ఆనకట్ట కట్టియుండనిచో మన చేలు పండెడివా?” అని యడిగిరి. “లేదండీ” అంటిని. “మనకు అన్నము పెట్టినదియు ఆనకట్టయే. దాని యిల్లు ముంచునదియు ఆనకట్టయే” అని, ఆ రాత్రియంతయు కన్ను మూయకుండిరి. 1852లో ముగిసిన యా యానకట్టను నేను చిన్ననాటినుండి పుణ్యకార్యముగనే యెరుగుదును. కొత్త యానకట్టవలనను ఎన్నియో చేలకు నీరందును. ఐనను ఆమెకు చెప్పదగిన మాట యొక్కటియు నాకు దొరకలేదు.

2019 సెప్టెంబరు 15న వరదలో కచ్చులూరువద్ద యాత్రికుల లాంచీ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఆ వార్త వినినప్పుడు, ఆనాడు మాలాంచీలో నవ్వినవారి ముఖములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. పోలవరమువద్ద 2021 జూనులో గోదావరి ప్రవాహమును స్పిల్‌వే వైపునకు మళ్లించిరి. దేవీపట్నము మొదలగు నేటియొడ్డు గ్రామములనుండి అనేక కుటుంబములు ఇండ్లు వాకిళ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయినవి. ఆ చేట యల్లిన యామె యెచ్చటనున్నదో మాకు తెలియదు.

మీరును పాపికొండలకు పోదలచినచో, వరదకాలము విడిచి శీతకాలమున పొండు. లాంచీ కదలకమునుపే పిల్లలకును మీకును జాకెట్లు బిగించుకొనుడు. ఎవరు నవ్వినను సిగ్గుపడకుడు. ఒడ్డున వెదురుబుట్ట అమ్మునామెతో బేరమాడకుడు. వీలైన ఆమె ప్రక్కన ఒకింతసేపు కూర్చుండి యామె యూరు అడిగి తెలిసికొనుడు.

మాయింట బియ్యము చెరుగుటకు స్టీలుచేట యున్నది. అత్తగారు దానిని ముట్టరు. కాలువనీటికి పండిన యా బియ్యమును నేటికిని ఆ వెదురుచేటలోనే పోసి చెరుగుదురు.