ఇత్తడి బిళ్ళ

మొన్న దసరా సెలవుల్లో మా చిన్నవాడు నన్ను లోయర్ పరేల్‌లో ఒక మాలుకు లాక్కుపోయాడు. లాక్కుపోయాడనటమే సరి, నా అంతట నేను వెళ్ళే చోటు కాదది. పై అంతస్తులో ఆటల యంత్రాల హాలు. లోపల రంగు రంగుల దీపాలు, పక్కవాడి మాట వినపడనంత చప్పుడు. కౌంటరు దగ్గర అమ్మాయి నా దగ్గర వెయ్యి రూపాయలు పుచ్చుకుని, తపాలా కార్డులో సగమంత వున్న ఒక ప్లాస్టిక్ కార్డు వాడి చేతిలో పెట్టింది. దాన్ని యంత్రానికి తాకిస్తే ఆట మొదలు. అరగంట తిరక్కుండా వాడు మళ్ళీ నా ముందు నిలబడ్డాడు, కార్డు ఖాళీ అయిందట.

"ఒక్కొక్క ఆటకు ఎంత పడిందిరా?" అన్నాను.

"ఏమో డాడీ, అది క్రెడిట్లల్ల వుంటది" అన్నాడు.

కోప్పడదామని నోరు తెరిచాను గాని మాట రాలేదు. ఆ మాలు నిలబడ్డ నేల ఒకప్పుడు బట్టల మిల్లు. మా బాపు పదమూడేళ్ళు మగ్గాలు నడిపింది ఆ కాంపౌండులోనే. పైగా, నేనూ ఇంచుమించు ఇదే వయస్సులో బాపుకు లెక్క చెప్పలేక తల వంచుకున్నవాణ్ణే.

మన సంఘంలో ఏభై దాటినవారికి మిల్లుల కథ నేను చెప్పనక్కరలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలయింది. రెండున్నర లక్షలమంది పని మానారు. వారిలో చాలామంది మళ్ళీ మిల్లు గేటు లోపలికి అడుగు పెట్టలేదు. మా బాపు వారిలో ఒకడు. ఆ తరువాత ఆయనకు నౌకరీ అంటూ ఒక చోట నిలవలేదు. మంగళదాస్ మార్కెట్టులో మూటలు మోశాడు, కొన్నాళ్ళు రాత్రి కాపలా కాశాడు. అవ్వ చీరలకు ఫాల్ కుట్టేది. వర్లీ బీడీడీ చాల్‌లో నూట అరవై చదరపు అడుగుల గది, అందులో మేము అయిదుగురం.

మా సందు మొగలో ఒక బొగ్గుల దుకాణం వుండేది. 1994లో కాబోలు, అది మూసేసి ఒక శేట్ అక్కడ వీడియో గేమ్ పార్లరు పెట్టాడు. పార్లరంటే ఏదో గొప్పగా వూహించుకోకండి. గోడల నల్లదనం ఇంకా పోలేదు. ఆరు యంత్రాలు, ఒక పంకా, గుమ్మానికి ముతక పరదా. యంత్రాలైనా పైదేశం నుంచి నిలువునా దిగినవి కావు, వడ్రంగి ప్లైవుడ్‌తో కొట్టిన బీరువాలు. లోపల టీవీ గొట్టం, దాని కింద పచ్చని బోర్డు, ముందు ఒక కర్రపుల్ల, ఆరు గుండీలు. 1985లో జపానువారు ఈ బోర్డులను బీరువాకు తగిలించే పద్ధతిని ఒకే రకంగా స్థిరపరిచారు. అందువల్ల ఏ ఆట బోర్డునైనా ఏ బీరువాలోనైనా దిగవేయవచ్చు. శేట్ లామింగ్టన్ రోడ్డు నుంచి పాత బోర్డు ఒకటి గుడ్డలో చుట్టుకు వచ్చి తగిలించాడంటే, మర్నాటికి కొత్త ఆట. ఆ వార్త మా బడికి మాస్టర్లకంటె ముందు చేరేది.

మా తరంలో ముస్తఫా ఆట తెలియని మగపిల్లవాడు ఈ వూళ్ళో వుండడు. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనీ, జపానులోని క్యాప్కామ్ కంపెనీ 1993లో తీసిందనీ నాకు ముప్ఫై దాటాక గాని తెలియలేదు. నలుగురు వీరుల్లో ఒకడి పేరు ముస్తఫా. పరుగెత్తుకు వచ్చి ఎగిరి తన్నేవాడు. మన దేశం పిల్లలు ఆ కంపెనీ పేరూ, మోటారు పేరూ అన్నీ పక్కకు నెట్టి ఆ తన్నేవాడి పేరే ఆటకు పెట్టుకున్నారు. దాని పక్కనే 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ టూ'. అందులో ధాల్సిమ్ అని మన దేశపు యోగి ఒకడు, చేతులు రబ్బరులాగా సాగేవి, వెనుక ఏనుగులు నిలబడి వుండేవి. దేశాభిమానం కొద్దీ వాణ్ణి ఎంచుకుని నేను ఓడిపోయిన సార్లకు లెక్క లేదు.

ఆడేవాడు ఒకడైతే చూసేవారు పదిమంది. ఇది చెప్పకపోతే ఆ చోటు సంగతే చెప్పినట్టు కాదు. తరువాత వంతు నాది అని చెప్పటానికి గాజుపలక అంచున బిళ్ళ పెట్టేవాళ్ళం. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎంత రౌడీకైనా వుండేది కాదు. మరాఠీ పిల్లలు, కొంకణీ ముస్లిములు, మన పద్మశాలీ పిల్లలు, అందరి తిట్లూ అందరికీ వచ్చేవి. నా హిందీ, నా మరాఠీ సగం అక్కడే పదును తేలాయి.

బిళ్ళ రూపాయి. రూపాయికి మంచి చెయ్యి వున్నవాడు అరగంట నిలిచేవాడు, నా వంటివాడు మూడు నిమిషాలు.

పదో తరగతి పరీక్ష ఫారం నింపే రోజులు వచ్చాయి, 1995 చివర. ఫీజు డబ్బు బాపు లెక్కపెట్టి నా చేతికిచ్చాడు. అందులో మొదటిరోజు రెండు రూపాయలు విడిపించాను, రేపు కూడబెట్టి కలుపుదామని. వారం తిరిగేసరికి ముప్ఫైకి పైగా పోయింది. ఫారం ఇవ్వలేదు. ఇంట్లో ఇచ్చానని చెప్పాను. గడువు దాటిపోతున్నదని మాస్టరు కబురు పంపించాడు.

ఆ సాయంత్రం నేను ముస్తఫాతో మూడో మజిలీలో వున్నాను. మోటారు నడిపే మజిలీ అది. చుట్టూ చప్పుడు ఒక్కసారి తగ్గింది. వెనక్కి తిరిగితే బాపు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. కొట్టలేదు. కొట్టి వుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"పైసలన్నీ గిండ్లనే ఏసినవా?" అన్నాడు.

నేను తల వూపాను. ఆయన తిన్నగా శేట్ దగ్గరకు పోయి, పిల్లవాడు తెలియక వేశాడు, ఆ డబ్బు తిరిగి ఇవ్వమని మరాఠీలో అడిగాడు. నా మిత్రులంతా వింటున్నారు. శేట్ నవ్వాడు. బిళ్ళ లోపల పడ్డాక తిరిగి రాదన్నాడు. అంతటితో పోయేదే. కాని ఆ శేట్ మనిషిని ఎగాదిగా చూసి, సాయంత్రాలు కౌంటరు దగ్గర కూర్చునేవాడు కావాలి, వస్తావా అని అడిగాడు. బాపు జీతంలో బయానాగా నా ఫీజుకు తక్కువపడ్డ డబ్బూ, ఆలస్యపు జరిమానా తీసుకుని, ఆ క్షణమే బల్ల వెనుక కూర్చున్నాడు. నేను 1996 మార్చిలో పరీక్ష రాసి, యాభైరెండు శాతంతో గట్టెక్కాను. ఈ గుమాస్తాగిరీ ఆ యాభైరెండు మీదే నిలబడి వున్నది.

ఆయన ఆ బల్ల వెనుక ఆరేళ్ళు కూర్చున్నాడు. మొదట్లో ఆ సందులో నడవటానికే నాకు సిగ్గుగా వుండేది. తరువాత్తరువాత రాత్రిపూట అన్నం డబ్బా నేనే పట్టుకుపోయేవాణ్ణి. ఆ దుకాణం మర్మాలన్నీ అప్పుడే తెలిశాయి. రూపాయి నాణెమే వేసే యంత్రం పెట్టక ఈ ఇత్తడి బిళ్ళలు ఎందుకు అని అడిగితే బాపు చెప్పాడు: నాణెం యంత్రమైతే రేటు పెంచాలంటే ప్రతి యంత్రమూ విప్పాలి, బిళ్ళ అయితే కౌంటరులో అట్టమీద అంకె మార్చితే చాలు. నిజంగానే ఒకనాడు రూపాయి బిళ్ళ రెండు రూపాయలయింది. బిళ్ళ మాత్రం అదే. బోర్డు మీద చిన్న చిన్న మీటలు వుంటాయి, వాటిని అటూ ఇటూ జరిపితే శత్రువుకు బలం పెరుగుతుంది. ఆదివారం పూట రద్దీ ఎక్కువ గనుక శేట్ శనివారం రాత్రే మీటలు జరిపేవాడు. నేను ఆదివారాలే ఎందుకు అంత త్వరగా చచ్చేవాణ్ణో అన్నేళ్ళకు అర్థమయింది!

అన్ని బిళ్ళలు చేతి కింద వున్నా, బాపు నాకు ఒక్కటి వూరికే ఇవ్వలేదు. ఒక్క రాత్రి మాత్రం, షట్టరు సగం దించాక, "ఒక్కపారి ఆడి సూపియ్యి, గీ పోరగాండ్లు ఏం జూసి పిచ్చోల్లయితున్రో" అన్నాడు. తన జేబులోంచి రెండు రూపాయలు తీసి సొరుగులో వేసి, ఒక బిళ్ళ నాకిచ్చాడు. నేను ఆడుతున్నంతసేపూ ఆయన బొమ్మలవంక చూడలేదు, నా చేతులవంకే చూశాడు. ఆట అయిపోయాక అన్నాడు: "చెయ్యి మంచిగనే ఆడుతది. మగ్గం మీదైతే బతికేటోనివి."

ఆ తరువాత షట్టరు దించి తాళం వేసి ఇద్దరం ఇంటికి వచ్చాము. దారిలో ఏమీ మాట్లాడుకోలేదు.

2000 దాటేసరికి రద్దీ పలచబడింది. టీవీకి తగిలించుకునే చవక పెట్టెలు ఇంటింటికీ వచ్చాయి, సందు చివర సైబర్ కేఫ్ వెలిసింది. 2002లో శేట్ దుకాణం ఎత్తేశాడు. బాపుకు రెండు నెలల జీతం బాకీ. దాని బదులు ఒక గోనెసంచిలో బిళ్ళలన్నీ పోసి ఇచ్చి, కొత్త చోట దుకాణం తెరిచాక అక్కడ మార్చి ఇస్తానన్నాడు. కొత్త దుకాణం తెరవనే లేదు. బాపు మంచం కింద ఆ సంచి నాలుగేళ్ళు వున్నది.

ఇట్లాంటి దుకాణాలు లోకమంతటా నశించాయనే అనుకున్నాను, టోక్యోలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోను చేసేదాకా. "మామా, నీ ముస్తఫా కాలం యంత్రాలు ఈడ ఇంకా నడుస్తున్నయ్" అన్నాడు. తకదనోబాబా అనే పేటలో మికాడో అని ఒక దుకాణం వున్నదట. రెండంతస్తుల నిండా పాత యంత్రాలు, పోటీలు పెట్టి యూట్యూబులో చూపిస్తారు. 2020లో కరోనా వచ్చి మూతపడే స్థితికి వస్తే, అభిమానులే చందాలు వేసి నిలబెట్టారు. అందరికీ ఆ అదృష్టం లేదు. అకిహబారాలో సేగా కంపెనీవారి పెద్ద దుకాణం ఒకటి అదే ఏడు ఆగస్టులో మూసేశారు. 2022లో ఆ కంపెనీ పేరే దుకాణాల బోర్డుల మీదనుంచి దిగిపోయింది. మిగిలినవాటిలో కూడా బొమ్మలను కొక్కెంతో ఎత్తుకునే యంత్రాలదే రాబడి.

అక్కడివారి కష్టం విన్నప్పుడు మా శేట్ తెలివి గుర్తుకు వచ్చింది. జపాను యంత్రాలు నూరు యెన్ల నాణెమే మింగుతాయి. 1989లో మూడు శాతంగా మొదలైన అమ్మకపు పన్ను 2019కి పది శాతం అయింది. నూటమూడు యెన్ల నాణెం ఎక్కడా లేదు గదా! పెరిగిన పన్నంతా దుకాణదారే భరించాడు. ఇత్తడి బిళ్ళ వుంటే ఆ చిక్కు లేదు. మాలులోని కార్డు ఆ బిళ్ళకు మనుమడే అనుకోండి. బిళ్ళకైనా కౌంటరు మీద అట్ట వుండేది, ఎంతో చదువుకోవచ్చు. కార్డుకు అదీ లేదు.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఫన్‌స్పాట్ అని 1952 నాటి వినోదశాల వున్నది, అందులో పాత యంత్రాలకు ఒక మ్యూజియమే నడుపుతున్నారు. యంత్రాలను బతికించటం తేలిక కాదు. ఆ టీవీ గొట్టాలు ఇప్పుడు ఎవరూ చెయ్యటం లేదు. క్యాప్కామ్‌వారి కొన్ని బోర్డులలో, నకళ్ళు ఎత్తేవారిని ఆపటానికి, రహస్యపు అంకెలు కొన్ని చిన్న బ్యాటరీ ఆధారాన నిలిపారు. బ్యాటరీ చచ్చిందా, అంకెలు చెరిగి బోర్డు మూగబోతుంది. అభిమానులు ఆ అంకెలను తిరిగి ఎక్కించే విద్య 2016లో సాధించారు. 1997లో ఇటలీ దేశస్థుడు నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రాము వల్ల ఈ ఆటలు మామూలు కంప్యూటరులో కూడా ఆడతాయి. దానికి కంపెనీల అనుమతి వున్నదా లేదా అన్నది వేరే తగవు. మా ఆఫీసులో ప్యూను టిఫిను వేళ తన ఫోనులో ముస్తఫా ఆడుతుంటాడు. చచ్చిపోతే బిళ్ళ గుర్తున్న గుండీ నొక్కుతాడు, ప్రాణం వస్తుంది. ఎన్నిసార్లైనా నొక్కవచ్చు. నేనూ అడిగి ఆడాను. చివరి మజిలీ చూడటానికి చిన్నప్పుడు నేను ఎన్ని అబద్ధాలు ఆడానో! ఒక్క మధ్యాహ్నంలో చూసేశాను. వెనుక ఎవరూ నిలబడి లేరు.

బాపు 2011లో పోయాడు. అంతకు చాలా ముందే, 2006లో, అవ్వ ఆ గోనెసంచిని పాత్రల దుకాణానికి మోయించి, బిళ్ళలన్నీ తూకానికి వేసి, పైన కొంత డబ్బు పెట్టి, ఒక ఇత్తడి చెంబు తెచ్చింది. బాపు ఏమీ అనలేదు. సంచిలోంచి ఒక్క బిళ్ళ తీసి పర్సులో పెట్టుకున్నాడట. అది ఎక్కడ పోయిందో దొరకలేదు. మా చాల్ పడగొట్టి కొత్త మేడలు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత 556 కుటుంబాలకు తాళపుచెవులు ఇచ్చారు, మా వంతు రాలేదు. అద్దె ఇంటికి మారేటప్పుడు అవ్వ స్వయంగా పట్టుకువచ్చిన సామాను ఆ చెంబు ఒక్కటే. పొద్దున్నే తులసికి నీళ్ళు దానితోనే పోస్తుంది.

మాలు నుంచి వచ్చిన రాత్రి మా చిన్నవాడికి ఇదంతా చెప్పాను, ఫీజు సంగతితో సహా. వాడు వంటింట్లోకి పోయి చెంబు తెచ్చి, బోర్లించి, దీపం కింద పెట్టి అడుగు వంక చాలాసేపు చూశాడు.

"ఏం చూస్తున్నవ్‌రా?" అన్నది అవ్వ.

"ఇండ్ల ఎన్ని ఆటలున్నయ్ నానమ్మా?" అన్నాడు.

అవ్వ చెంబు లాక్కుని, పొద్దుటికి మళ్ళీ తోముకోవాలని గొణుక్కుంటూ లోపలికి పోయింది.