ధర్మవ్యాధుని ఇంట కార్తికం

శరదృతువు ప్రసన్నతకు పేరు. శ్రావణ భాద్రపదాలలో ఎర్రబారి, ఒండ్రుతో బరువెక్కి కాలువల నిండా పరుగులు తీసిన గోదావరి జలం ఆశ్వయుజం వచ్చేసరికి తేటపడుతుంది. అగస్త్య నక్షత్రోదయంతో నీరు నిర్మలమవుతుందని పూర్వులు విశ్వసించారు. తేటపడిన నీటికీ, కలత తీరిన మనస్సుకూ సంస్కృతంలో ఒకటే మాట: ప్రసన్నం. దేవీ నవరాత్రుల నుండి కార్తిక దీపాల వరకు సాగే ఉపాసనా పరంపర ఈ రెండు మాసాలలోనే కూడి ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

అయితే భీమవరం పరిసరాలలో శరత్తు విశ్రాంతికాలం కాదు. సార్వా వరి కంకి బరువెక్కి వంగే కాలమిది. రొయ్యల చెరువుల మీద రాత్రింబవళ్లు కాపలా కాసే కాలమిది. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా ఇదే. పంచాంగం చెప్పే తిథులు, చెరువు చెప్పే వేళలు ఒకదానినొకటి ఎరుగవు. ఆ రెండింటి నడుమ ఒక గృహస్థు కుటుంబం 2025 సంవత్సరపు శరత్తును ఎట్లు గడిపిందో చెప్పుకోదగినది.

ఆ ఇంటి యజమాని ఊరికి దక్షిణాన మూడు చెరువులు కౌలుకు తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతాడు. నీటిలో ప్రాణవాయువు అత్యల్పంగా ఉండేది తెల్లవారుజామున గనుక, లోకం నిద్రించే వేళ అతడు గట్టు మీద మేల్కొని ఉంటాడు. గృహిణి చేతిలో ఇంటి పద్దు, మేత పద్దు, కూలీల పద్దు మూడూ ఉంటాయి. కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థి. ఈ ముగ్గురికీ పెద్దదిక్కు ఎనుబది ఏండ్ల మామ్మగారు. ఆమె కోరిక ఒక్కటే. కార్తికంలో ఒకే దినాన పంచారామాలను దర్శించాలని భర్త జీవించి ఉన్ననాడే అనుకున్నారు. ఏటేటా ఏదో ఒక పట్టుబడి అడ్డు వచ్చింది. ఇప్పుడు మోకాళ్లు అడ్డు వస్తున్నాయి. ఈసారి కార్తిక పౌర్ణమికి కారు మాట్లాడి, అమరావతి నుండి సామర్లకోట వరకు తీసుకువెళ్తానని కుమారుడు మాట ఇచ్చాడు.

ఆ మాట ఇచ్చిన కొద్ది దినాలకే, ఆగస్టు 27 నుండి, అమెరికా భారతీయ ఉత్పత్తులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యలకు అమెరికాయే పెద్ద విపణి గనుక ఆ వార్త గట్ల మీద పిడుగులా పడింది. కొనుగోలుదారులు ధర తగ్గించారు. మేత ధర మాత్రం తగ్గలేదు.

అయినా సెప్టెంబరు 22న ఆ ఇంట కలశం నిలిచింది. నవరాత్రులలో మావుళ్లమ్మవారి అలంకారాలను చూడటానికి గృహిణి నాలుగు సాయంకాలాలైనా వెళ్లాలనుకుని ఒక్కనాడు వెళ్లగలిగింది. మూలా నక్షత్రం నాడు కుమారుడు పుస్తకాలను సరస్వతీదేవి ముందుంచాడు. ఆయుధపూజ నాడు యజమాని జనరేటరుకు గంధం, కుంకుమ పెట్టి, ప్రాణవాయువును కొలిచే మీటరును, మేత లెక్కల పుస్తకాన్ని పీటమీద ఉంచి నమస్కరించాడు. ఆ పుస్తకంలోని అంకెలను చూసి భార్య ఏమీ అనలేదు. ఒక పువ్వును దానిమీద సర్దింది. అట్లతద్దికి మామ్మగారి ముడతల చేతులకు మనుమడే గోరింటాకు పెట్టాడు. ఊయల ఊగే తీరిక ఎవరికీ లేకపోయింది.

నరకచతుర్దశి, దీపావళి అక్టోబరు 20న ఒకే దినాన వచ్చాయి. వేకువన అభ్యంగనం, సంధ్యవేళ గోగుకర్రల దివిటీలు. లక్ష్మీపూజకు ముందు మామ్మగారిని గునుపూడి సోమారామానికి తీసుకువెళ్లారు. చంద్రప్రతిష్ఠితమని స్థలపురాణం చెప్పే ఆ లింగం పౌర్ణమికి శ్వేతవర్ణంతోను, అమావాస్యకు గోధుమ ఛాయతోను కనిపిస్తుందని భక్తుల అనుభవం. ఆనాడు గర్భాలయంలో లింగం ముదురు రంగులో ఉన్నట్లే మనుమడికి తోచింది. పౌర్ణమికి మళ్లీ వచ్చి పోల్చి చూడాలని అతడు మనస్సులో అనుకున్నాడు.

అక్టోబరు 22న కార్తికం ప్రవేశించింది. వంటగదిలోని గిన్నెలన్నీ తోమి, బోర్లించి, ఈ నెల పొడుగునా ఇంట నీచు వండరాదని గృహిణి నియమం పెట్టింది. ఏటా ఉన్న నియమమే. కాని ఈసారి కుమారుడు పళ్లెం ముందు కూర్చుని తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు.

“మనం తినడం మానేశాం నాన్నా. మరి చెరువులో పట్టడం మానేస్తామా?”

తల్లి కోపగించింది. తండ్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. సమాధానం చెప్పలేదు. ఆ రాత్రి చెరువుకు వెళ్లేటప్పుడు కుమారుని గది ముందు ఒక క్షణం నిలిచి, లోపలికి వెళ్లకుండానే మెట్లు దిగిపోయాడు.

ప్రశ్న చిన్నది కాదు. జీవనోపాధిలోనే హింస ఉన్నవానికి వ్రతమెట్లు సిద్ధిస్తుంది? దీపం వెలిగించే చేతికీ, వలను లాగించే మాటకూ మధ్య ఉన్న దూరాన్ని కొలిచేది ఎవరు?

మరునాడు మామ్మగారు పౌర్ణమి కోసం మూడువందల అరవైయైదు వత్తులు చేసుకుంటూ మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ధర్మవ్యాధుని కథ చెప్పారు. మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ అది. కౌశికుడనే తపస్వి తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితోనే దగ్ధం చేశాడు. ఆపై భిక్షకు వెళ్లిన ఇంటిలో గృహిణి భర్తృసేవలో ఉండి అతణ్ణి నిరీక్షింపజేసింది. అతడు కోపగించగా, తాను కొంగను కానని ఆమె సౌమ్యంగా చెప్పింది. అడవిలో జరిగినది ఆమెకెట్లు తెలిసిందని అతడు విస్మితుడయ్యాడు. ధర్మసూక్ష్మం తెలుసుకోదలిస్తే మిథిలకు వెళ్లి ఒక వ్యాధుని దర్శించమని ఆమె పంపింది. మాంసం అమ్మే అంగడిలో కూర్చున్న ఆ వ్యాధుడు తపస్వికి ధర్మాన్ని ఉపదేశించాడు. చివరకు ఇంటికి తీసుకువెళ్లి, వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, తనకు పరమదైవాలు వీరేనన్నాడు. తల్లిదండ్రులను విడిచి తపస్సుకు వచ్చిన కౌశికుణ్ణి తిరిగి వారి దగ్గరకు పంపించాడు.

మనుమడు శ్రద్ధగా విన్నాడు. విని, ఒక మాట అన్నాడు.

“ఆ వ్యాధుడు తన చేత్తో చంపేవాడు కాదు కదా మామ్మా. ఎవరో చంపినదాన్ని అమ్మేవాడు. తాను తినేవాడు కూడా కాదు.”

మామ్మగారు వత్తి చేస్తున్న చేతిని ఆపలేదు. “అవునురా నాన్నా, ఆ తేడా ఉంది. లేదని నేననను. అది మీ నాన్నకూ తెలుసు. తెలియనివాడైతే నిన్న నీకేదో ఒక జవాబు చెప్పేసేవాడు.”

ఈ కథలో తరచు విస్మృతమయ్యే అంశం ఒకటి ఉంది. వ్యాధుడు తన వృత్తిని పుణ్యకార్యమని ఎన్నడూ చెప్పుకోడు. అది పూర్వకర్మవశాన సంక్రమించిందని, ఘోరమైనదేనని అంగీకరిస్తాడు. నాగలి దున్నినప్పుడు కూడా భూమిలోని ప్రాణులు మరణిస్తాయని, సంపూర్ణమైన అహింస దేహధారికి దుర్లభమని అంటాడు. కాని ఆ మాటను సాకుగా వాడుకోడు. వృత్తిలోని దోషానికి అసత్యాన్ని, క్రౌర్యాన్ని అదనంగా చేర్చకపోవడమే అతని సాధన. అనివార్యమైన హింసను ధర్మమని చాటుకోవడం వేరు. దానిని భారంగా ఎరిగి మోస్తూ, తన అధీనంలో ఉన్న చోటనెల్లా ధర్మం తప్పకుండటం వేరు. మొదటిది మోహం. రెండవది జాగ్రత్. ఇక ఆ అధీనంలో ఉన్న చోటు ఏదో మనిషికి ముందుగా తెలియదు. అది ఏదో ఒక రాత్రి ఎదురుగా వచ్చి నిలుస్తుంది.

ఆ ఇంటికి ఆ రాత్రి వారం తిరగకముందే వచ్చింది. అక్టోబరు 27 కార్తికంలో మొదటి సోమవారం. అత్తాకోడళ్లు ఇద్దరూ ఉపవాసమున్నారు. నక్షత్రదర్శనమైన తరువాత భుజించాలి. ఆకాశమంతా మబ్బు. మొంథా తుపాను తీరం వైపు వస్తున్నదన్న హెచ్చరికలు అప్పటికే మారుమ్రోగుతున్నాయి. నక్షత్రం కనిపించదని తేలాక, మామ్మగారు గడియారం చూసి, ఆకాశానికి నమస్కరించి, కోడలితో పాటు విస్తరి ముందు కూర్చున్నారు.

28వ తేదీ సాయంకాలానికి గాలి పెరిగింది. కరెంటు పోయింది. చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో కాపలా మనిషి, అతని భార్య, మూడేండ్ల బిడ్డ ఉన్నారు. ఒక చెరువులో సరకు మరొక రెండు వారాలకు పట్టుబడికి వస్తుంది. ఆ ఏటి అప్పు తీరేది దానితోనే. జనరేటరు నడపటానికి ఒక మనిషి గట్టు మీద ఉండాలి. బిడ్డను, తల్లిని పంపివేసి తాను మాత్రం ఉంటానని కాపలా మనిషి ఫోనులో తానే అన్నాడు. వద్దన్న మాట యజమాని నోటివెంట వెంటనే రాలేదు. ఫోను చేత పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచాడు. కుమారుడు చూస్తూ ఉన్నాడు. గృహిణి కారు తాళాలు తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

ఎనిమిది గంటలకు కాపలా మనిషి కుటుంబం ఇంటికి చేరింది. జనరేటరును ఆపి, టార్పాలిను కప్పి, గట్టుకు ఇసుక బస్తాలు సర్ది వచ్చారు. ఆ అర్ధరాత్రి వేళ తుపాను నరసాపురానికి సమీపంలో తీరాన్ని దాటింది. ఇంటిలో అందరూ మేల్కొనే ఉన్నారు. దేవుని గదిలో దీపం ఒకసారి ఆరింది. బిడ్డ ఏడుపు మానక పోవడంతో మామ్మగారు ఒడిలోకి తీసుకున్నారు.

తుపాను గాలి వీస్తున్నంతసేపు నీటిని అదే చిలుకుతుంది గనుక ప్రాణవాయువుకు అంతగా లోటు రాదు. ప్రమాదం ఆపైన గాలి ఆగి, ఎండ రాక, కరెంటు లేని వేళ మొదలవుతుంది. దారికి అడ్డంగా పడిన చెట్లను తప్పించుకుని వారు గట్టు చేరేసరికి తెల్లవారిపోయింది. షెడ్డు పైకప్పు లేదు. రేకులు పక్క పొలంలో, నేలకొరిగిన వరి మీద పడి ఉన్నాయి. జనరేటరులోకి నీరు చేరింది. దానిని బాగుచేసే లోపే పెద్ద చెరువులో రొయ్యలు అంచులకు చేరి తేలసాగాయి. అప్పటికప్పుడు వల వేయించక తప్పలేదు. కార్తికమని ఆగటానికి వీలు కాలేదు. డెబ్బై కౌంటుకు పట్టవలసిన సరకు వంద కౌంటుకే పోయింది. తక్కిన రెండు చెరువులు నిలిచాయి.

ఆనాడు వలలు లాగినవారికి కూలి అదేరోజు సాయంకాలం ముట్టింది. తన చేతి గాజులను తాకట్టు పెట్టినట్లు గృహిణి అత్తగారితో మాత్రమే చెప్పింది. ఆ రాత్రి కుమారుడు ప్రశ్న మళ్లీ అడగలేదు. ప్రశ్న తీరిపోయి కాదు. తండ్రి బురద కాళ్లతోనే వరండా బల్లమీద నిద్రపోవడం చూసి, ఒక దుప్పటి తెచ్చి కప్పాడు.

నవంబరు 5 కార్తిక పౌర్ణమి. పంచారామ యాత్ర మాట ఇంట ఎవరూ ఎత్తలేదు. ముందుగా మామ్మగారే, “అయిదింటికీ ఎక్కడ తిరుగుతాంరా, మన సోమేశ్వరుడు లేడూ!” అన్నారు. కుమారుడు తలవంచుకున్నాడు. “వచ్చే ఏడు తప్పకుండా అమ్మా” అన్నాడు. వచ్చే ఏటి మోకాళ్ల సంగతి ఆమెకు తెలుసు. అయినా సరేనన్నారు.

సోమారామం వెలుపల వీధి పొడవునా జనం. తల్లి నడవలేని చోట అతడు ఆమెను చేతులమీద ఎత్తుకుని మెట్లు దాటించాడు. సిగ్గుతో ఆమె నవ్వింది. గర్భాలయం ముందు అరనిమిషం నిలువనిచ్చారు. లింగమంతా పాలు, విభూతి, బిల్వపత్రాలు. అడుగున ఉన్న శిల తెల్లగా ఉన్నదో లేదో మనుమడికి తెలియలేదు. పోల్చి చూడాలన్న సంగతి బయటికి వచ్చాక గాని అతనికి గుర్తు రాలేదు. పై అంతస్తులోని అన్నపూర్ణాదేవిని మామ్మగారి పేర గృహిణి ఒక్కతే వెళ్లి దర్శించి వచ్చింది.

పుష్కరిణి దగ్గర చోటు చూసుకుని కూర్చున్నారు. నీరు నిశ్చలంగా ఉంది. చంద్రుడు దానిలో సంపూర్ణంగా ఉన్నాడు. మామ్మగారు వత్తుల కట్టను నేతిలో ముంచి వెలిగించారు. కోడలు అరటిదొప్పను నీటిలో విడిచింది. వెనుదిరిగి చూస్తే, యజమాని గోడకు చేరగిలబడి గాఢనిద్రలో ఉన్నాడు. పదిహేను దినాలుగా ఆ ముఖంలో కానరాని ప్రసన్నత అప్పుడు కనిపించింది.

మనుమడు లేపబోయాడు. మామ్మగారు చేయి పట్టుకుని ఆపారు.

“దీపం కొండెక్కేదాకా పడుకోనీరా. మూడింటికి మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లాలి.”

మనుమడు గాలికి అడ్డంగా జరిగి, దీపం పక్కన కూర్చున్నాడు.

సర్వం సోమేశ్వరార్పణమస్తు.