పేరు మారింది, మనిషి మారలేదు

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కదా, మాట మారితే వెంటనే చెవికి తగులుతుంది. ‘పాకీ పని’ ఇప్పుడు ‘డ్రైనేజ్ క్లీనింగ్ సర్వీస్’ అయింది. మా వీర్నపల్లి గోడల మీదా ఫోన్ నంబరుతో కనబడుతోంది. గుంతలోకి దిగేవాడి కులం మాత్రం మారలేదు.

బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. ఆ పనిని ఆపడానికే బతుకంతా పెట్టారు. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మధ్యవర్తితో దింపించినా నేరమే. మురుగు కాలువల్లో చనిపోతే ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అది పోయిన ప్రాణానికి. బతికున్న ప్రాణం సంగతి మనం చూడాలె.

మిత్రులారా, మీ హాస్టల్ మోరీ జామైతే రేటు కంటే ముందు ఇది అడగండి: ‘మిషన్ వస్తదా, మనిషి దిగుతడా?’

జై భీమ్.