కల్లు తాగుడు కిందికి రాదు

“మీలో ఎవరన్నా తాగుతరా?” అని కౌన్సిలర్ మేడమ్ అడిగితే తొమ్మిదో తరగతి గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు బెంచీ వాళ్లు కోపంగా కూడా చూశారు. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి, “సరే, కల్లు?” అంది. మొదట నవ్వులు, ఆ తర్వాత చేతులు. లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాను. ఆడపిల్లల వరుసలోనూ లేచాయి. “కల్లు తాగుడు కిందికి రాదు మేడమ్” అని వెనక నుంచి ఒకడు తీర్పు చెప్పేశాడు.

నిజామాబాద్ జిల్లాలో అదొక జిల్లా పరిషత్ హైస్కూల్. ఊరి పేరు రాయనని హెడ్మాస్టరుకు మాటిచ్చాను. బడి పిల్లల తాగుడు గురించి రాయాలని బయల్దేరినప్పుడు నా ఊహలో ఉన్నది బీరు సీసా, చెడు సావాసం, చీకటి పడ్డాక స్కూలు గోడ. ఇక్కడ ఆ ఊహ పనికిరాలేదు. సీసా తెచ్చేది ఇంట్లోవాళ్లే. వేడి చేస్తే చలువకని, నిద్ర పట్టకపోతే నిద్రకని, పండగొస్తే పండగని ఒక గ్లాసు పిల్లలకీ పోస్తారు. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మమ్మ తాటాకు రేకలో పోస్తే తాగినవాణ్నే.

అయితే నేను తాగింది చెట్టు కల్లు. ఇప్పుడు చాలా కల్లు డిపోలకు వచ్చేది మందు కల్లు. చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. ఆందోళన తగ్గడానికి డాక్టరు చీటీ మీద అర మిల్లీగ్రాము, పావు మిల్లీగ్రాము లెక్కన ఇచ్చే మందు అది. డిపోలో దానికి లెక్కేముంది? రోజూ తాగేవాడికి అది ఉన్నట్టుండి ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర ఎగిరిపోతుంది, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ కూడా వస్తాయి. 2015లో ఎక్సైజ్ దాడులతో ఈ ప్రాంతంలో మందు కల్లు ఆగిపోయినప్పుడు ఇలాంటివాళ్లు ఆసుపత్రులకు వరస కట్టారు. కొందరిని హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా తీసుకెళ్లారు. అప్పట్లో నేను చదివిన వార్తలన్నీ పెద్దవాళ్ల గురించే.

స్టాఫ్‌రూంలో తెలుగు సారు ఒక నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు. అట్ట మీది పేరును అరచేత్తో కప్పి పేజీలు తిప్పారు. గుండ్రటి రాత, చూడముచ్చటగా ఉంది. ఆగస్టులో ఒక నాలుగు పేజీలు మాత్రం వేరే ఎవరో రాసినట్టున్నాయి. తలకట్లు అక్షరాలను వదిలి పక్కకు పోయాయి. కొమ్ములు కింది గీతలోకి జారాయి. ఒకచోట పెన్ను కాగితాన్ని చీల్చింది. కింద ఎర్ర ఇంకుతో సారు మాట: ‘అశ్రద్ధ. పదిసార్లు తిరగరాయి.’ అయిదో పేజీ నుంచి మళ్లీ అదే గుండ్రటి రాత.

“ఆ నాలుగు దినాలు మా ఊర్ల డిపో బంద్ ఉండె సార్. గప్పుడు నాకు తెల్వలే” అన్నారాయన. కాసేపాగి, “పదిసార్లు రాసిండు” అన్నారు.

ఆ రోజుల్లోనే వాడు పక్కవాణ్ని కొట్టాడట, క్లాసులో ఊరికే ఏడ్చాడట. బడి రికార్డులో అది ‘క్రమశిక్షణా రాహిత్యం’. కౌన్సిలర్ మేడమ్ టీచర్లకు మరీ మరీ చెప్పింది ఒకటే: రోజూ తాగుతున్న పిల్లవాడితో రేపటి నుంచి మానేస్తానని ఒట్టు వేయించకండి, ముందు డాక్టరు దగ్గరికి పంపండి, మందులిస్తూ మెల్లగా తగ్గించాలి. మంచి మనసుతో వేయించిన ఒట్టే ఫిట్స్ తెప్పించగలదని నాకూ అప్పటిదాకా తట్టలేదు.

మధ్యాహ్నం డిపో దాకా నడిచాను. ప్లాస్టిక్ ట్రేలు, నురగ కారుతున్న సీసాలు, పులిసిన వాసన. స్కూలు యూనిఫాంలో ఒక పిల్లవాడు నీళ్ల సీసా ముందుకు చాపాడు. “పిలగానికి కాదు సార్, తాతకు” అన్నాడు డిపో మనిషి, నేను అడగకముందే. పిల్లలకు మత్తు పానీయం ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతుంది. పిల్లలతో మోయిస్తే అదే శిక్ష 78వ సెక్షన్ కింద ఉంది. ఈ రెండోది ఆ డిపోలో ఎవరికీ తెలిసినట్టు లేదు. పిల్లవాడు మూత బిగించి, సీసా బ్యాగులో పుస్తకాల పక్కన పెట్టుకున్నాడు.

చివరి పీరియడ్‌లో మేడమ్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మీద రాసింది. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు అంది. పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. పొద్దున తీర్పు చెప్పినవాడే లేచి నిలబడ్డాడు.

“ఫోన్ మా నాయిన దగ్గర ఉంటది మేడమ్. ఆయన పన్నంక చేస్తే ఎత్తుతరా?”

“ఎత్తుతరు. ఎన్ని గంటలకైనా.”

వాడు నంబరు పక్కన ఏదో రాసుకుని కూర్చున్నాడు.