2004: పన్నెండు సీడీలు, ఒక మినీవ్యాన్

మన వాళ్ళ ఇళ్ళల్లో పెరుగన్నాలయ్యాక మొదలయ్యే వాదనల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది. తెలుగు సినిమా పాటలకి మంచి సంవత్సరం ఏది? మా వయసు వాళ్ళు 1980ల దగ్గరికి వెళ్ళి, ఇళయరాజా గారి పేరు చెప్పి కూచుంటారు, ఇక అక్కణ్ణించి కదలరు. ఈ మధ్య ఇండియా నుంచి వచ్చిన కుర్రాళ్ళు 2020లో తమన్ చేసిన ‘అల వైకుంఠపురములో’ అంటారు. ఒక పెద్దాయన ఏకంగా 1957, ‘మాయాబజార్’ అన్నారు. ఆయనతో వాదించే ధైర్యం ఎవరికీ చాలలేదు. నేను మాత్రం 2004 అంటాను. ఇప్పటిదాకా నాకు రెండో ఓటు పడలేదు. అందుకని ఈ సంచికలో కాస్త చోటడిగి నా వాదన వినిపిస్తున్నాను.

ముందే ఒక మాట. నాకు సరిగమలు రావు. రాగం పేరు చెప్పమంటే మోహన, కల్యాణి తప్ప మూడోది నోటికి రాదు. నేను వినేవాణ్ణి, అంతే. పాటలో మాట వినబడుతుందా, వినబడితే ఇంట్లో మిగులుతుందా అన్నదే నా తూకం. ఆ తూకం నాకు ఎందుకు పట్టుకుందో చెప్పాలి.

2004లో మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, బాబుకి అయిదు. ఆ వేసవి నుంచి అమ్మాయి తెలుగులో జవాబు చెప్పడం మానేసింది. మేం అడిగేది అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో ఇదేం కొత్త కథ కాదు. అయితే ఆ సెప్టెంబరులోనే మా అమ్మ ఆరు నెలలుందామని వచ్చింది. అమ్మది కోనసీమ, ముమ్మిడివరం. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు ‘థాంక్యూ’ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నాయనమ్మా మనవరాలూ ఒకే సోఫాలో కూచుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవారు. మొదటి వారం ముద్దుగానే ఉండేది. ఆ తర్వాత అటు చూడడం నాకు కష్టమైపోయింది.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం. దగ్గర దగ్గర ఆరు గంటల దారి. మన సినిమా ఆల్బమ్ అంటే ఆరు పాటలు, అరగంట. లెక్క వేస్తే పన్నెండు ఆల్బమ్‌లు సరిపోతాయి. ఆ ఏడు ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకుతో పాటు నేను కొనుక్కొచ్చిన సీడీలు పదిహేను దాకా ఉన్నాయి. మూడింటిని ఇంట్లోనే వదిలేశాను, వాటి పేర్లు చెప్పి ఎవరినీ నొప్పించను. మినీవ్యాన్‌లో ఆరు సీడీలు పట్టే ఛేంజరు. హారిస్‌బర్గ్ దగ్గర ఆగి మిగతా ఆరు మార్చుకోవాలి. తలకో ఓటు. గుడి చేరేసరికి ఏడాదికి మంచి ఆల్బమ్ ఏదో తేలాలి. ఇదీ ఒప్పందం.

మొదట ‘వర్షం’. ఆ సంక్రాంతికి వచ్చిన సినిమా. దేవిశ్రీ ప్రసాద్‌కి అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. పాటలన్నీ సిరివెన్నెల సీతారామశాస్త్రి గారే రాశారు. ఆల్బమ్ మొత్తం ఒకే కవి చేతిలో ఉంటే ఏం లాభమో ఈ ఒక్క సీడీ వింటే తెలుస్తుంది. వానని ఇంటికొచ్చిన చుట్టంలా చేసి, దానితో మనుషుల చేత మాట్లాడిస్తారు. కింద దరువు ఎంత గట్టిగా మోగినా పైన మాట మునిగిపోదు. చిత్ర గారు పాడిన వాన పాట మొదటి మాటలే 2005 సంక్రాంతికి ఇంకో సినిమాకి పేరయ్యాయి, అదే ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’. ఒక సినిమా పల్లవి ఇంకో సినిమాకి పోస్టరెక్కిందంటే ఆ పాట జనం నోళ్ళలో ఎంత నానిందో చూడండి. శాస్త్రి గారు 2021లో వెళ్ళిపోయారు. నా ఓటు అప్పుడూ ఇప్పుడూ ‘వర్షం’కే.

‘ఆర్య’ కూడా దేవిశ్రీదే. సుకుమార్‌కి మొదటి సినిమా. బాబు ఓటు ఇక్కడే పడిపోయింది, కేకే పాడిన ‘ఫీల్ మై లవ్’ కోసం. ఎత్తుకోవడమే ఇంగ్లీషు కనక, ఇది తన పాటేనని వాడి నమ్మకం. కేకే గొంతు మీద నాకే ఫిర్యాదూ లేదు. 2022లో ఆయన పోయాడని తెలిసిన రోజు నేనూ అదే పాట పెట్టుకున్నాను. కానీ నా తూకంలో అది పైకి తేలిపోతుంది. వాడు పల్లవి హుషారుగా పాడేశాడు, కొత్త తెలుగు మాట ఒక్కటీ నేర్చుకోలేదు.

ఇక అందులోనే మాలతి పాడిన అమలాపురం పాట. ఆ ఏడు ఆదివారం తెలుగు తరగతిలో టీచరు గారు ‘అ అంటే?’ అని అడిగితే, ‘అమ్మ’ అనాల్సిన పిల్లలు ఒక్క గొంతుతో ‘అమలాపురం’ అన్నారట. ఆవిడే నవ్వలేక చెప్పారు. కారులో ఆ పాట రాగానే మధ్య సీట్లో మా అమ్మ నిటారుగా కూచుంది. ముమ్మిడివరం వాళ్ళకి అమలాపురం అంటే మాటలా? పెళ్ళి చీరలక్కడే, సినిమాలక్కడే, కంటి డాక్టరూ అక్కడే. “మన అమలాపురం మీద పాట కట్టారా! ఏవంటున్నార్రా?” అంది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలెట్టింది. నేను సౌండు తగ్గించి, “ఊరు చాలా బావుంటుందని అంటున్నారమ్మా” అన్నాను.

‘నాని’ సినిమా ఆడలేదు. ఏ.ఆర్. రెహమాన్ సంగీతం, తమిళంతో కలిపి చేసినది. మిగతా పాటల్లో తెలుగు మాటలు ఇరుకు చొక్కా తొడుక్కున్నట్టు ఉంటాయి. అమ్మ మీద చంద్రబోస్ రాసిన పాట ఒక్కటీ వేరు. ఉన్నికృష్ణన్, సాధనా సర్గమ్ పాడారు. అమ్మ అది రెండోసారి పెట్టమంది. మూడోసారి నేనే పెట్టాను. సినిమా పోయినా పాట మిగలడం మన దగ్గర కొత్త కాదు, కానీ ఇంత పెద్ద సినిమా పోయి ఇంత మెత్తటి పాట మిగలడం మాత్రం తక్కువ.

‘వెంకీ’, ‘సై’, ‘గుడుంబా శంకర్’ నాకు నిద్ర రాకుండా కాపాడాయి. ఆ రుణం ఉంది, అంతకు మించి చెప్పను. ‘7జి బృందావన్ కాలనీ’లో యువన్ శంకర్ రాజా బాణీలు ఇరవయ్యేళ్ళవాడు రాత్రిపూట ఒంటరిగా వినాల్సినవి. పెళ్ళాం పిల్లలతో, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని వినేవి కావు.

‘నా ఆటోగ్రాఫ్’ దగ్గర మా ఆవిడ ఓటు పడింది. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాట, చిత్ర గొంతు. చెట్టుని చూసి బతకడం నేర్చుకోమనే ఆ పాట మీలో చాలామంది పిల్లలు స్టేజీ మీద పాడే ఉంటారు. చిత్ర గారి మాతృభాష మలయాళం, అయినా ఒక్క ఒత్తు జారదు, ఒక్క దీర్ఘం కుదించుకుపోదు. మన పిల్లలకి ఉచ్చారణ నేర్పాలంటే నేను ముందు ఆవిణ్ణే వినిపిస్తాను. ఆ కీరవాణి, ఆ చంద్రబోసే 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ అందుకున్నారు. ఇచ్చేది నేనైతే పంతొమ్మిదేళ్ళ ముందే ఇచ్చేసి ఉందును.

‘స్వరాభిషేకం’ కె. విశ్వనాథ్ గారి సినిమా. ఆ సంగీతానికి విద్యాసాగర్‌కి జాతీయ బహుమతి వచ్చింది, న్యాయంగానే వచ్చింది. తమిళ, మలయాళ సినిమాల్లో అంత పేరు తెచ్చుకున్నాయన, తెలుగులో ఇంత తీరిగ్గా పనిచేసే అవకాశం దొరికిందని ప్రతి పాటలోనూ సంబరపడినట్టుంటుంది. అమ్మ ఓటు మరోమాట లేకుండా దీనికే. బాబు రెండో పాటకి నిద్రపోయాడు. నా అభిప్రాయం అడిగితే, ఇది కాళ్ళు కడుక్కుని వచ్చి కూచుని వినాల్సిన ఆల్బమ్. కారు దానికి తగిన చోటు కాదు.

చివరికి మిగిలినవి అక్టోబరు 15న ఒకే రోజు విడుదలైన రెండు సినిమాలు. ఒకటి చిరంజీవి గారి ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’, రెండోది ‘ఆనంద్’. చిరంజీవి సినిమా వస్తున్న రోజున చిన్న సినిమా వాళ్ళు తలుపేసుకుని ఇంట్లో కూచుంటారు. శేఖర్ కమ్ముల కూచోలేదు. ఆయన మనలాగే అమెరికాలో చదువుకున్నవాడు, 2000లో ‘డాలర్ డ్రీమ్స్’ తీసినవాడు. ‘శంకర్‌దాదా’ పాటలు హాల్లో ఈలల మధ్య వింటే బావుంటాయి. ‘ఆనంద్’ పాటలు మాత్రం పక్కన ఎవరో కూచుని చెవిలో చెప్పినట్టుంటాయి. కె.ఎం. రాధాకృష్ణన్ అనే కొత్తాయన సంగీతం. మాటలు వేటూరి గారివి. ఆయనకి అప్పుడు అరవై ఎనిమిదేళ్ళు, ఆ తర్వాత ఆరేళ్ళకి, 2010లో, పోయారు. ఆ వయసులో ఆ చిన్న సినిమాకి అంత పడుచు తెలుగు రాశారాయన. పిల్లలతో కలిసి ఎగిరే వాన పాటని శ్రేయా ఘోషల్ పాడింది. ఆ అమ్మాయికి అప్పటికి ఇరవయ్యేళ్ళు, బెంగాలీ పిల్ల.

మేం ఆ పాట వింటుండగా బ్లూ మౌంటెన్ సొరంగం వచ్చింది. చీకట్లోంచి బయటపడేసరికి కొండల మీద ఆకాశం నల్లగా ఉంది. వెనక సీట్లోంచి అమ్మాయి, “వాట్ ఈజ్ మబ్బు?” అంది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మ వేలు చూపించింది. “అదిగో తల్లీ, ఆ నల్లగా వస్తోందే, అదే మబ్బు. అది కురిస్తే వాన.”

మా ఆవిడది కరీంనగర్. ఆవిడ ఊరుకుంటుందా? “మా దిక్కు మబ్బుల లేచినమంటే, ఇంకా తెల్లారకముందే లేచినమన్నట్టు, అత్తయ్యా” అంది. మా అమ్మకి ఇది కొత్త. మబ్బుల్లో లేవడమేమిటని ఆవిడ, లేస్తారత్తయ్యా అని ఈవిడ, ఇద్దరూ ఒక మైలు దూరం వాదించుకున్నారు. మధ్యలో వెనకనుంచి చిన్న గొంతు వినబడింది.

“నేను మబ్బుల లేవను.”

అయిదు నెలల్లో అమ్మాయి నోట వచ్చిన మొదటి తెలుగు వాక్యం అది. కారులో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మే, “వద్దులే అమ్మా, ఎనిమిదింటికి లే” అంది.

గుడి పార్కింగులో ఓట్లు లెక్కపెట్టాం. ‘వర్షం’ ఒకటి, ‘ఆర్య’ ఒకటి, ‘నా ఆటోగ్రాఫ్’ ఒకటి, ‘స్వరాభిషేకం’ ఒకటి, అమ్మాయిది ‘ఆనంద్’. అయిదుగురికి అయిదు ఆల్బమ్‌లు, ఎవరూ ఓటు మార్చుకోమన్నారు. అయిదేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి అరవై దాటిన ఆవిడ దాకా ఎవరికి వారికి ఒక మంచి ఆల్బమ్ దొరికిన సంవత్సరం ఇంకోటి చూపించండి, నేను 2004ని వదిలేస్తాను.

అమ్మ ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. ఆదివారం నేను ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టగానే అమ్మాయి రిసీవరు లాక్కునేది. వారానికో మాట. “నానమ్మా, ఎద అంటే?” అమ్మకి తెలిస్తే అక్కడికక్కడే చెప్పేది. తెలియకపోతే వారం గడువడిగి, వాళ్ళ వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారిని కనుక్కుని చెప్పేది. ఒకసారి ఆ మాస్టారికీ తేలలేదు. “ఇది వేటూరి గారినే అడగాలిటమ్మా” అంది అమ్మ.

“అయితే ఆయన నంబరు ఇవ్వు నానమ్మా, కార్డులో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి” అంది మా అమ్మాయి.