సీటు కింద తీగ

మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరానికి కాస్త ఎడంగా ఇల్లు కొన్నాడు. ఇల్లు చిన్నదే. దాని చుట్టూ వున్న గడ్డి మాత్రం ఎకరంన్నర. మన వైపు ఎకరంన్నర వుంటే వరి వేస్తాం, మినుము చల్లుతాం, ఏదీ చేతకాకపోతే కౌలుకిస్తాం. అక్కడ గడ్డి పెంచుతారు, పెరిగిన గడ్డి కోస్తారు, కోసింది అక్కడే పారేస్తారు. చూద్దామంటే ఒక్క గేదె లేదు. "ఇంత పచ్చిగడ్డి నేలపాలు చేస్తే పాపం రాదూ?" అని మా ఆవిడ దిగిన రోజు నుంచీ బాధపడుతూనే వుంది.

కోయకుండా వదిలేద్దామా అంటే వీలులేదు. పెరట్లో గడ్డి ఇంతకు మించి పెరిగిందంటే ఊరి పాలకసంఘం వారు తాఖీదు పంపుతారట. మే నెలలో, వానలు పడుతున్నప్పుడు, కోసిన ఐదారు రోజులకే మళ్ళీ చీలమండలు దాటుతుంది. అందుకని మావాడు ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. చూడడానికి పిల్లల బొమ్మలా వుంటుంది గాని సీటూ, స్టీరింగూ, దీపాలూ అన్నీ వున్నాయి. దాని పొట్టకింద, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ, బోర్లించిన పెద్ద బాండీలాంటి ఇనుప సామాను ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని డెక్కు అంటారు. వెడల్పు 42 అంగుళాలు. లోపల రెండు బ్లేడ్లు సీలింగు ఫాను రెక్కల్లాగా గిర్రున తిరిగి గడ్డిని నరికి, పక్కనున్న నోట్లోంచి బయటకు విసిరేస్తాయి.

మేము వెళ్ళేటప్పటికి ఆ డెక్కు కరకరమంటూ వుంది. బాగుచేసేవాళ్ళు మూడు వారాలు పడుతుందన్నారట. మూడు వారాలంటే గడ్డిలో మనిషి కనపడడు. నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. తెనాలి చుట్టుపక్కల నా కళ్ళముందు విప్పి బిగించిన మోటార్లకు లెక్కలేదు. "దాన్ని నాకు వదిలెయ్యరా" అన్నాను.

ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాను. ప్లగ్గు తీగ కూడా పీకి పక్కకు కట్టాను. ఈ జాగ్రత్త ఎవరూ చెప్పనక్కర్లేదు నాకు. కరెంటువాణ్ణి గదా! డెక్కును అన్నిటికంటె కిందికి దించి, బెల్టు తప్పించి, నాలుగు పిన్నులు లాగితే మొత్తం పక్కనుంచి జారి వచ్చేసింది. వెల్లకిలా తిప్పితే లోపల గడ్డి ఎండి అట్టలు కట్టి రెండంగుళాల మందాన వుంది. మా ఆవిడ చూడకుండా వంటింట్లోంచి పాత అట్లకాడ తెచ్చి గీకాను. చూసిన తరువాత ఏమందో ఇక్కడ వ్రాయను.

నాలుగేళ్ళ మా మనవరాలు పక్కన గొంతుక్కూర్చుని చూస్తూ వుంది. విప్పేముందు బ్లేడును వేలితో తోసి తిప్పి చూపించాను. "తాతయ్యా, ఫాను!" అని చప్పట్లు కొట్టింది. దాని చేత కూడా ఒకసారి తిప్పించాను.

చప్పుడు బేరింగులది. ఒక్కొక్క బ్లేడు ఇరుసుకు పైనొకటి, కిందొకటి. సుత్తితో తట్టి బయటకు తీసి, అంచు తుడిచి చూస్తే 6203 అని వుంది. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 40, మందం 12. తెనాలిలో అడిగినా అదే, ఒహాయోలో అడిగినా అదే. భాష రాని దేశంలో సొంత ఊరివాడు ఎదురైనట్లయింది.

కొత్తవి తెప్పించి బిగించడంతో వూరుకుంటే నేనెందుకు? ఆ ఇరుసు గూటికి గ్రీజు కొట్టే దారి లేదు. బేరింగులు పాడైతే పారేసి కొత్తవి కొనుక్కోవాలన్న ఏర్పాటు. నేను గూటికి బెజ్జం వేసి, మర తీసి, గ్రీజు నిపిలు బిగించాను. వట్టి నిపిలు పెడితే లాభం లేదు. బేరింగులకు లోపలివైపున వున్న రబ్బరు సీళ్ళు తీసేస్తేగాని గ్రీజు గుండ్లదాకా పోదు. బయటివైపువి మాత్రం వుంచాలి. ఇక బ్లేడ్లు. ఆకురాయితో పాత వాలు చెడకుండా పదును పెట్టి, గోడకు మేకు కొట్టి మధ్య రంధ్రంలో తగిలించి చూశాను. ఒక పక్కకు వాలితే ఆ పక్క బరువున్నట్లు. రెండు చివరలూ సమంగా నిలిచేదాకా రాశాను. డెక్కు మళ్ళీ ఎక్కించాక నేల నుంచి బ్లేడు కొనలకు కొలిచి, కుడి ఎడమలు సమంగా, ముందు కొస వెనకకంటె ఒక్క పిసరు కిందికి వుండేట్లు సరిచేశాను.

పక్క నోటికి ఒక రేకు కత్తిరించి మూత కూడా చేశాను. అది బిగిస్తే గడ్డి బయటకు పోదు. లోపలే తిరిగి తిరిగి పొడి అయి నేలలో కలిసిపోతుంది, ఎరువవుతుంది. పాపం రాదు. మా ఆవిడ కూడా సంతోషించింది. తడి గడ్డి అయితే మాత్రం లోపల ముద్దకడుతుంది, అప్పుడు మూత తీసెయ్యాలి.

అంతా కుదిరింది. ఒక్క చిక్కు మిగిలింది. ఆ సీటు కింద ఒక స్విచ్చి వుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి సీటు మీదినుంచి లేస్తే ఇంజను ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. కాని నా బరువు 50 కిలోలు. నేల ఏ కొంచెం ఎగుడుదిగుడుగా వున్నా నేను కాస్త ఎగిరిపడతాను. వెంటనే సీటు మీద ఎవరూ లేరని ఆ స్విచ్చి తేల్చేస్తుంది! ఇంజను ఠక్కున ఆగుతుంది. ఎకరంన్నర కోసేలోపల పధ్నాలుగుసార్లు ఆగింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వడం కూడా మొదలుపెట్టింది. ఆ సాయంత్రం సీటు ఎత్తి, ఒక జానెడు తీగతో స్విచ్చి రెండు కొసలూ కలిపేశాను. ఐదు నిమిషాల పని. ఇంజను మళ్ళీ ఆగితే ఒట్టు.

రెండు వారాలు హాయిగా గడిచింది. ఒకరోజు రాత్రి వాన కురిసి గడ్డి తడిగా వుంది. రేకు మూత తీసి, నోరు తెరిచే కోస్తున్నాను. మేపుల్ చెట్టు కింద కొమ్మ ఒకటి విరిగి అడ్డంగా పడివుంది. ఇంజను ఆపకుండా, బ్లేడ్లు ఆపకుండా దిగి, పదడుగులు నడిచి కొమ్మను లాగాను. పక్కన పడేసి వెనక్కు తిరిగాను.

మనవరాలు డెక్కు పక్కన గొంతుక్కూర్చుని వుంది. పెరటి తలుపు తీసుకుని ఎప్పుడు వచ్చిందో! నోట్లోంచి వచ్చే గాలికి గౌను రెపరెపలాడుతూ వుంది. మొహం నిండా నవ్వు. ఫాను గాలికి చెయ్యి పెట్టినట్లు చెయ్యి చాచింది.

అరిచాను. ఆ మోతలో నా కేక నాకే వినపడలేదు. అమెరికావారి ప్రమాణాల ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదు. అంటే గంటకు 350 కిలోమీటర్ల దరిదాపు. ఆ లెక్క నేను ఆమధ్యే చదివి, భోజనాల దగ్గర అందరికీ గొప్పగా చెప్పాను. పరుగెత్తి దాని నడుం పట్టుకుని వెనక్కు లాగాను. ఇద్దరం గడ్డిలో పడ్డాం. దానికి ఏమీ కాలేదు. భయపడి ఏడ్చింది, అంతే. లేచి తాళంచెవి తిప్పితే ఇంజను ఆగింది గాని, బ్లేడ్లు ఇంకా కొంతసేపు తిరుగుతూనే వున్నాయి. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. కాళ్ళు వణకడం చాలాసేపు తగ్గలేదు.

మా ఆవిడతో ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి ఆ తీగ పీకేశాను. పొద్దున కాఫీ దగ్గర మా అబ్బాయికి జరిగింది జరిగినట్లు చెప్పాను. తిడితే బాగుండునని వుంది. వాడు చాలాసేపు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ తీగ నేను పోయిన ఆదివారమే చూశాను, నాన్నగారూ," అన్నాడు. "మీరు వేశారు గదా, ఆలోచించే వేసివుంటారనుకున్నాను."

నా ఉద్యోగకాలమంతా నేను రైతులతో పడిన తగవు ఒక్కటే. ఫ్యూజులో సన్నతీగ బదులు లావు రాగితీగ చుట్టేవారు. నేను వెళ్ళి పీకేసేవాణ్ణి, కేకలు వేసేవాణ్ణి, పేరు రాసుకునేవాణ్ణి. "రోజుకు పదిసార్లు ఆగిపోతుంటే మేమేం చెయ్యాలి సార్? నారు ఎండిపోతోంది," అని ఒకాయన చేతులు జోడించాడు. ఆయన మీద నేను అరిచిన అరుపులు ఆ ఉదయం ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పాపం, ఆయనకు నారు ఎండిపోతున్నది. నాకేం ఎండిపోయింది?

ఆ ఆదివారం తండ్రీకొడుకులం కలిసి సీటు విప్పాం. సీటు కిందనున్న బందు తుప్పుపట్టి బిగుసుకుపోయి వుంది. నావంటి బక్కవాడు కూర్చుంటే అది కిందికి దిగడమే లేదు, స్విచ్చి సరిగ్గా నొక్కుకోవడమే లేదు. తుప్పు రాచి, నాలుగు చుక్కల నూనె వేసి పది సార్లు ఆడిస్తే మెత్తగా దిగింది. డెక్కు అంతా విప్పి బిగించినవాణ్ణి, బేరింగు గూటికి మర తీసినవాణ్ణి, సీటు కింద నూనె వెయ్యాలని మాత్రం తోచలేదు.

ఇప్పుడు ఎగుడుదిగుళ్ళలో అది ఆగడంలేదు. కొమ్మ తీయడానికి లేస్తే మాత్రం ఆగుతుంది. దిగుతాను, కొమ్మ తీస్తాను, ఎక్కుతాను, తాళం తిప్పుతాను. మొన్న గాలివాన మర్నాడు అలా తొమ్మిదిసార్లు దిగి ఎక్కాను. లోపలికి రాగానే మా ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "తొమ్మిది," అంది.